పక్కింటాయన కూడబెట్టిన యూదుల పూజా వెండి: అమ్మేముందు ఏం చూడాలి?

తూనీగ:

అందరికీ నమస్కారం. మేముండేది న్యూజెర్సీలో. మా పక్కింట్లో ఎనభై దాటిన యూదు పెద్దావిడ ఒకరున్నారు. ఆవిడ భర్త పోయిన చలికాలం చనిపోయారు. ఆయన స్కూల్లో లెక్కలు చెప్పేవారు. ఇల్లు గడవగా మిగిలిన డబ్బంతా పాత పూజా వెండి కొనడానికే పెట్టేవారట. హాల్లో గాజు బీరువా నిండా అవే ఉన్నాయి.

నాకు బాగా గుర్తున్నవి చెప్తాను. జానెడు ఎత్తున్న కోట బురుజు లాంటి డబ్బా ఒకటి. సన్నటి తీగపని. మధ్యలో గోరంత తలుపు, శిఖరాన కొంచెం వంగిన జెండా. తలుపు తీస్తే ఇప్పటికీ లవంగాల వాసన వస్తోంది. ఇంకోటి వెండి పుల్ల, దాని చివర చిన్న చెయ్యి, చూపుడువేలు చాచి ఉంటుంది. ఆ వేలి కొస విరిగిపోయింది. తర్వాత గొలుసుతో వేలాడే పెద్ద పలక. పైన కిరీటం, అటూ ఇటూ సింహాలు, కింద చిన్న కిటికీ. ఆ కిటికీలో దూర్చే రేకులు విడిగా ఓ గుడ్డసంచిలో ఉన్నాయి. అంచు చుట్టూ హీబ్రూ అక్షరాలున్న సాదా గిన్నె ఒకటి. నూనె దీపాలు కూడా ఉన్నాయి.

వాళ్లబ్బాయి ఉండేది కాలిఫోర్నియాలో. "తూకానికి అమ్మేసెయ్యమ్మా, నేను వచ్చి సర్దలేను" అన్నాడు. మొన్న ఒక వ్యాపారి ఇంటికొచ్చి తూకం రేటు చెప్పి, ఈలోగా అన్నీ తెల్లగా తోమించి పెట్టమన్నాడు. ఆవిడకు మనసొప్పడం లేదు. "మా ఆయన వీటిని కొన్నదే ఎవరో కరిగించకుండా ఆపడానికి" అని నాతో అన్నారు. తోడుగా కూర్చుని లెక్క రాసిపెట్టమని నన్ను అడిగారు. నాకు వెండి గురించి తెలిసింది అంతంతే. ఏది పాతదో, ఏది కాదో ఎలా పోల్చుకోవాలి? తోమొచ్చా? ఎవరికిస్తే పదిలంగా ఉంటాయి? ఒక చెప్పుల డబ్బా నిండా ఆయన టైపు చేసుకున్న కార్డులు కూడా ఉన్నాయి. అవి పనికొస్తాయా, పారెయ్యొచ్చా?

పెరటిచెట్టు:

తూకం రేటుకి మాత్రం ఇవ్వకండి. మా ఊళ్లో ఒకాయన వాళ్ల మామగారి వెండి అలాగే ఇచ్చేసి తర్వాత చాలా బాధపడ్డారు. పాత వస్తువులకి వేలంపాట సంస్థలు ఉంటాయి. ముందు ఒకట్రెండు చోట్ల చూపించండి. పెద్దావిడ పేరు మీద వీలునామా లెక్కలు తేలాయో లేదో కూడా కనుక్కోండి, తర్వాత గొడవలు రాకుండా.

టంకం:

తూనీగ గారూ, ముందుగా ఒక్క మాట. ఆ చెప్పుల డబ్బాని జాగ్రత్త చేయండి. బీరువాకి ఎంత తాళం వేస్తారో దానికీ అంతే. ఎందుకో తర్వాత చెప్తాను.

నేను లండన్‌లో పాత వెండి బాగుచేసే వర్క్‌షాపులో పనిచేస్తాను. సినగాగుల (యూదుల ప్రార్థనా మందిరాల) నుంచీ, సేకరించేవాళ్ల నుంచీ ఈ రకం సామాను మా బల్ల మీదికి వస్తూనే ఉంటుంది. మీరు రాసినదాన్ని బట్టి ఏది ఏమిటో చెప్పగలను.

బురుజు డబ్బా సుగంధ ద్రవ్యాలది. శనివారం రాత్రి షబ్బాత్, అంటే వారానికోసారి వచ్చే విశ్రాంతి దినం, ముగిసేటప్పుడు హవ్దాలా అనే ప్రార్థన చేస్తారు. అప్పుడు లవంగాలో దాల్చినచెక్కో అందులో వేసి ఒకరి చేతి నుంచి ఒకరు తీసుకుని వాసన చూస్తారు. చేతి పుల్లని యాద్ అంటారు. వాళ్ల పవిత్ర గ్రంథం తోరా చదివేటప్పుడు దాని తోలుచుట్టను వేలితో తాకకూడదు కాబట్టి దీంతో వరుసలు చూపించుకుంటూ చదువుతారు. సింహాల పలక తోరా చుట్టకి వేసే కవచం. సినగాగులో చాలా చుట్టలు ఉంటాయి. ఒక్కొక్కటీ ఒక్కో పఠనం దగ్గరికి తిప్పి ఉంచుతారు. ఏ చుట్ట షబ్బాత్‌కి, ఏది పండుగకి అని కిటికీలో రేకు పెట్టి గుర్తు చూపిస్తారు. అందుకని ఆ గుడ్డసంచీని పలక నుంచి విడదీయకండి. రేకులు పోయిన కవచాలే ఎక్కువగా వస్తాయి. రేకులతో సహా దొరకడం అరుదు.

ఇక ముద్రల సంగతి. అడుగున, అంచు లోపల, తలుపు వెనక భూతద్దం పెట్టి చూడండి. 84 అని ఉంటే రష్యన్ సామ్రాజ్యపు లెక్క. 96 పాళ్లలో 84 వెండి అని అర్థం, అంటే వెయ్యికి 875. వార్సా అప్పుడు ఆ సామ్రాజ్యంలోనే ఉండేది కాబట్టి పోలండ్ సామాను మీదా అదే కనిపిస్తుంది. పక్కనే తలపాగా లాంటి కిరీటం పెట్టుకున్న స్త్రీ ముఖం ఎడమవైపు చూస్తుంటే 1899 నుంచి 1908 మధ్యది, కుడివైపు చూస్తుంటే 1908 తర్వాతది. 13 అంకె ఉంటే జర్మన్, ఆస్ట్రియన్ ప్రాంతాల పాత లోట్ లెక్క. అందులో 16 లోట్‌లు అంటే శుద్ధ వెండి. వేటదేవత డయానా తల ఉంటే 1867 నుంచి ఆస్ట్రియా-హంగరీలో, ఆ తర్వాత 1922 దాకా ఆస్ట్రియాలో వేసిన ముద్ర. తల పక్కన 3 అంకె ఉంటే 800 వెండి. నెలవంక, కిరీటం పక్కపక్కన ఉంటే 1888 తర్వాతి జర్మనీ. దేవదారు కాయ ఉంటే మాత్రం వెంటనే ఫొటో తీయండి, అది వెండిపనికి పేరుపడ్డ జర్మన్ నగరం ఆగ్స్‌బర్గ్ ముద్ర.

ముద్ర ఉన్నంతమాత్రాన నమ్మేయకండి. 84 ముద్రకి దొంగ ముద్రలు చాలా ఎక్కువ. ఈ వెండికి గిరాకీ పెరిగాక కొత్తగా పోత పోసి, పాత ముద్ర కొట్టి, నల్లరంగు పూసి అమ్మినవాళ్లు చాలామంది. అందుకే నేను ముద్ర కంటే ముందు అరుగుదల చూస్తాను. చేత్తో పట్టుకునే చోట, మూత రాసుకునే చోట, గొలుసు కొక్కెం తగిలే చోట అరగాలి. ఎవరి చెయ్యీ తగలని సందులో అరిగి, పట్టుకునే చోట పదునుగా ఉంటే అది సానరాయి పని. పాతకాలంలో రేకుని సుత్తితో కొట్టి చేసేవారు. లోపలి వైపు వేలు పెట్టి తడిమితే ఆ దెబ్బలు తెలుస్తాయి. పోత సామానులో దాని బదులు సూది మొనలంత గుంటలు ఉంటాయి.

అక్షరాల విషయంలో కొంచెం ఓపిగ్గా చూడాలి. హీబ్రూలో తప్పు కనపడగానే నకిలీ అని తోసేసేవాళ్లు ఉన్నారు. నేను ఒప్పుకోను. మధ్య యూరప్‌లో చాలా నగరాల్లో వెండిపని సంఘాలు యూదుల్ని చేర్చుకునేవి కావు. ఆగ్స్‌బర్గ్, న్యూరెంబర్గ్, ఫ్రాంక్‌ఫర్ట్ పనివాళ్లు క్రైస్తవులే. కాయితం మీద రాసిచ్చింది చూసి, చదవడం రాకుండానే చెక్కేవారు. కాబట్టి నిజమైన పాత వస్తువు మీదా అక్షరం తిరగబడి ఉండొచ్చు. నేను అనుమానించేది వేరే. గిన్నె అంతా చేతులు తగిలి నున్నగా అరిగి, అక్షరాల గాట్లు మాత్రం నిన్న చెక్కినంత పదునుగా ఉంటే, సాదా గిన్నెని ఈమధ్య పూజా గిన్నెగా మార్చారన్నమాట. అలాగని ఆలస్యంగా చెక్కినవన్నీ మోసం కాదు. ఇంట్లో ఉన్న మామూలు గిన్నెకే పెళ్లికో పిల్లాడు పుట్టినప్పుడో పేరు చెక్కించుకున్న కుటుంబాలు బోలెడు. ఆ చెక్కడం కూడా వందేళ్లుగా అరిగి ఉంటుంది.

అక్షరాల్లో సంవత్సరం ఉంటుంది. హీబ్రూలో అక్షరాలకి అంకెల విలువ ఉంది. తావ్ 400, రేష్ 200, లామెద్ 30, హెత్ 8. కలిపితే 638. మొదట ఉండాల్సిన 5000ని వదిలేస్తారు. మనం 1240 కలిపితే చాలు, 1878 వస్తుంది. వాళ్ల సంవత్సరం శరదృతువులో మొదలవుతుంది కాబట్టి కొన్ని నెలలకి ఒక ఏడు తగ్గుతుంది. కొన్నిచోట్ల ఒక వాక్యం రాసి, లెక్కలోకి వచ్చే అక్షరాల మీద మాత్రం చుక్కలు పెడతారు. ఆవిడకు హీబ్రూ వస్తే పక్కన కూర్చోబెట్టుకుని చదివించుకోండి.

తోమడం గురించి: వద్దు. ఆ వ్యాపారి మాట వినకండి. వెండిని ముంచి తీసే ద్రావణం తీగపని సందుల్లోకి పోతే బయటికి రాదు. చెక్కడం లోతుల్లో ఉన్న నలుపు పోతే పనితనమే కనపడదు. బంగారు పూత ఉన్న చోట పాలిష్ రుద్దితే పూతే లేచిపోతుంది. బురుజు లోపల లవంగం ముక్కలు ఇరుక్కుని ఉంటాయి, వాటిని కడగొద్దు. ఎవరో శనివారం రాత్రి వేసినవి అవి. నూనె దీపాల మసి కూడా అంతే. రబ్బరు బ్యాండ్లు, ఉన్ని గుడ్డ తగలనివ్వకండి, వాటిలో గంధకం ఉంటుంది, వెండి నల్లబడుతుంది. ఆమ్లం లేని టిష్యూ కాగితంలో చుట్టి పెట్టండి, అంతే.

యాద్ వేలు అతికించకండి. దాని గురించి మళ్లీ అడగండి, చెప్తాను.

తూనీగ:

టంకం గారూ, ఎలా ధన్యవాదాలు చెప్పాలో తెలీట్లేదు. నిన్న సాయంత్రం ఆవిడా నేనూ భోజనాల బల్ల మీద తెల్ల దుప్పటి పరిచి కూర్చున్నాం.

బురుజు అడుగున 84, పక్కన స్త్రీ ముఖం ఎడమవైపు చూస్తోంది. తలుపు వెనక కూడా అదే ముద్ర చిన్నగా ఉంది. జెండా కాడ దగ్గర, తలుపు గొళ్లెం దగ్గర బాగా అరిగింది. తీగపని సందులు అరగలేదు.

గిన్నె అడుగున 13. అంచు చుట్టూ ఉన్నది ఆవిడ చదివారు. ఒక పెళ్లికూతురి పేరు, పెళ్లికొడుకు పేరు, చివర తావ్, కోఫ్, సాదీ, హెత్. ఆవిడే విలువలు చెప్పారు, నేను కలిపాను: 400, 100, 90, 8, మొత్తం 598. మీ లెక్క ప్రకారం 1838. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. ఈ గిన్నెతోనే వాళ్లాయన ప్రతి శుక్రవారం కిద్దుష్ (వైన్ మీద చెప్పే షబ్బాత్ ప్రార్థన) చెప్పేవారట.

కార్డుల్లో ఒక్కోదానికి నంబరు, ఎప్పుడు కొన్నారు, ఎవరి దగ్గర, అమ్మినవాళ్లు ఏం చెప్పారు అన్నీ ఉన్నాయి. ఒకటి మాత్రం నన్ను ఆలోచనలో పడేసింది. సింహాల పలక కార్డు మీద "మ్యూనిక్‌లో ఒక దుకాణం, అంతకుముందు ఎవరిదో చెప్పలేదు, రెండోసారి అడిగినా చెప్పలేదు" అని ఉంది. కింద ఎర్ర సిరాతో గీత. దీనర్థం ఏంటి?

లైబ్రరీ_బెంచీ:

ఆ ఎర్ర గీత ఎందుకో నేను చెప్పగలను. నేను పాత దస్తావేజుల విభాగంలో పని చేస్తాను. యూరప్ నుంచి వచ్చిన యూదు కుటుంబాల కాయితాలే మాకు ఎక్కువ.

1939 ఫిబ్రవరిలో నాజీ ప్రభుత్వం జర్మనీలోని యూదులందరూ బంగారం, వెండి, రత్నాలు ప్రభుత్వ తాకట్టు కార్యాలయాలకి అప్పజెప్పాలని ఉత్తర్వు ఇచ్చింది. పెళ్లి ఉంగరం, వెండి గడియారం, మనిషికి కొద్దిపాటి భోజనం చెంచాలు ఉంచుకోనిచ్చారు. ఇచ్చినదానికి చేతిలో పెట్టింది నామమాత్రం. చాలా వెండి కరిగిపోయింది. కరగనిది దుకాణాల్లోకి, మ్యూజియాల్లోకి వెళ్లింది. మ్యూనిక్‌లోని బవేరియన్ నేషనల్ మ్యూజియంలో అలా వచ్చిన వెండి వస్తువులు వందకు పైగా ఉండిపోయాయి. కొన్నేళ్లుగా అక్కడి క్యూరేటర్ ఒకరు వారసుల్ని దేశదేశాల్లో వెతికి ఒక్కో గిన్నె, ఒక్కో కొవ్వొత్తి స్తంభం తిరిగి ఇచ్చుకుంటూ వస్తున్నారు. అంతకుముందు 1938 నవంబరులో సినగాగులు తగలబెట్టినప్పుడు దోచినవి వేరే. తోరా కవచం ఇంటి వస్తువు కాదు, సినగాగుది. మ్యూనిక్ దుకాణానికి అది ఎలా చేరిందో అడగడం న్యాయమే. మీ పక్కింటాయన అడిగారు, రాసిపెట్టారు కూడా. ఆయన మీద నాకు చాలా గౌరవం కలిగింది.

మీరు చేయగలిగింది ఉంది. పలక వెనకవైపు దాత పేరు, ఊరు, సంవత్సరం చెక్కి ఉంటాయేమో చూడండి, చాలావాటికి ఉంటాయి. ఊరు తెలిస్తే సగం పనైనట్టే. జర్మనీలోని మాగ్డెబర్గ్‌లో ఉన్న సంస్థ నడిపే లాస్ట్ ఆర్ట్ డేటాబేస్‌లో వెతకొచ్చు. జెరూసలేంలోని సెంటర్ ఫర్ జ్యూయిష్ ఆర్ట్ వాళ్ల సూచికలో పోలికలు చూడొచ్చు. ఇంకో సంగతి, యుద్ధం తర్వాత వారసులు దొరకని వస్తువుల్ని పంచిపెట్టిన సంస్థ ఒకటుండేది, జ్యూయిష్ కల్చరల్ రీకన్‌స్ట్రక్షన్. తత్వవేత్త హన్నా ఆరెంట్ దాని కార్యదర్శిగా పనిచేశారు. వాళ్లు పంచిన కొన్నిటికి జె.సి.ఆర్. అక్షరాలున్న చిన్న లోహపు బిళ్ల ఇంకా ఉంటుంది. దేనికైనా అలాంటిది కనబడితే తీయకండి.

కార్డులు పారెయ్యొచ్చా అని అడిగారు కదా. ప్రాగ్ సంగతి చెప్తాను. అక్కడి యూదు మ్యూజియం 1906లో మొదలైంది. 1942 నుంచి చెక్ ప్రాంతాలైన బొహీమియా, మొరావియా ఊళ్లన్నిటి సినగాగుల సామానూ నాజీల హయాంలో అక్కడికే చేర్చారు. అక్కడ పనిచేసిన యూదు పండితులు ఒక్కో వస్తువూ ఏ ఊరిదో, దాని మీద ఏం రాసుందో కార్డుల మీద రాశారు. రాసినవాళ్లలో చాలామందిని ఆ తర్వాత రైలెక్కించి చంపేశారు. ఆ కార్డులు ఉండబట్టే ఫలానా పలక ఫలానా ఊరిదని ఈరోజు చెప్పగలుగుతున్నారు. మనుషులే మిగలని ఊళ్లు అవి.

డాన్‌జిగ్‌ది (ఇప్పుడు పోలండ్‌లోని గ్దాన్‌స్క్) ఇంకో రకం. ధాన్యం వ్యాపారి లెసర్ గీల్‌జిన్‌స్కీ తన సేకరణంతా 1904లో అక్కడి పెద్ద సినగాగుకి ఇచ్చాడు. 1939లో ఆ సమాజం ఊరు వదిలిపోతూ, దాన్నీ తమ సినగాగుల సామాన్నీ 10 పెట్టెల్లో సర్ది న్యూయార్క్ పంపింది. 15 ఏళ్ల తర్వాత డాన్‌జిగ్‌లో యూదులు భద్రంగా, స్వేచ్ఛగా ఉంటే తిరిగి పంపండి, లేకపోతే అమెరికాలోనే ఉంచండి అని షరతు. తిరిగి పంపే అవకాశమే రాలేదు. న్యూయార్క్‌లోని జ్యూయిష్ మ్యూజియంలో ఉన్నాయవి, ఆవిడకు ఓపిక ఉంటే తీసుకెళ్లండి, మీకు దగ్గరే.

పెరటిచెట్టు:

ఇదంతా నాకు తెలియదు. చదువుతుంటే గొంతు పట్టేసింది. తూనీగ గారూ, మరి ఎవరికి ఇవ్వాలని అనుకుంటున్నారు? మ్యూజియంకా, సినగాగుకా?

తూనీగ:

పలక వెనక ఊరి పేరు ఉంది! నల్లగా ఉండి మొదట కనబడలేదు. ఆవిడ టార్చి పక్కవాటుగా పెట్టి చదివారు. బవేరియాలో చిన్న ఊరు. పేరు ఇక్కడ రాయను, ముందు డేటాబేస్ వాళ్లకి ఉత్తరం పంపుతాం. ఆ పలక అమ్మేది లేదని ఆవిడ అబ్బాయికి ఫోన్‌లో గట్టిగానే చెప్పేశారు. ఆ ఊరివాళ్ల వారసులు ఎవరైనా ఉంటే వాళ్లదే అన్నారు.

మిగతావాటి విషయంలో ఆవిడకు రెండు మనసులుగా ఉంది. మ్యూజియంలో గాజు వెనక పెట్టేస్తే ఎవరూ వాడరు. సినగాగుకి ఇస్తే వాడతారు, కానీ అరుగుతాయి. వాళ్ల గిన్నె మాత్రం తన దగ్గరే ఉంచుకుంటారట. శుక్రవారాలు వాడుకోవచ్చా? యాద్ వేలి సంగతి కూడా చెప్తానన్నారు కదా.

టంకం:

ఊరి పేరు దొరికిందంటే చాలా సంతోషం.

సినగాగా, మ్యూజియమా అన్నది వాళ్ల ధర్మంలోనే ఎప్పటినుంచో ఆలోచించిన విషయం. తోరాకి తొడిగే వస్తువుల్ని అమ్మితే ఆ డబ్బుతో అంతకంటే పవిత్రమైనదే కొనాలి, తక్కువది కొనకూడదు అని వాళ్ల పాత ధర్మశాస్త్రం మిష్నాలో ఉంది. గిన్నె, సుగంధాల డబ్బా ఆ లెక్కలోకి రావు. యాద్ విషయం మాత్రం వాళ్ల రబ్బాయిని, అంటే మతగురువుని, అడగమనండి. ఇచ్చేటప్పుడు కాయితం మీద స్పష్టంగా రాయించుకోండి, దానమా, అప్పా, తర్వాత అమ్మొచ్చా కూడదా అని. 18వ శతాబ్దంలో న్యూయార్క్ కంసాలి మయర్ మయర్స్ చేసిన తోరా శిఖరాల (చుట్ట కర్రల కొసలకి తొడిగే వెండి నగల) జత కోసం న్యూపోర్ట్ ఊరి యూదు సమాజం, న్యూయార్క్ సమాజం ఏళ్ల తరబడి కోర్టుల్లో తిరిగాయి. బాస్టన్ మ్యూజియం 74 లక్షల డాలర్లు ఇస్తానంది. అసలు అవి ఎవరివి అన్నదే తగువు. 2017లో అప్పీలు కోర్టు న్యూయార్క్ వాళ్లవని తేల్చింది. రెండు పక్షాలకీ ఆ శిఖరాలంటే ప్రాణమే, పాత కాయితాల్లో స్పష్టత లేకపోవడమే తంటా.

నా అభిప్రాయం అడిగితే, బురుజు డబ్బా మ్యూజియంకి. తలుపు వెనక కూడా ముద్ర ఉండటం, అరుగుదల మీరు చెప్పినట్టు ఉండటం మంచి గుర్తులు. చేతిలోకి తీసుకుని చూసేదాకా ఎవరూ ఖాయం చేయలేరు కాబట్టి నిపుణులకి చూపించండి. తీగపని నలుగురి చేతుల్లో పడితే నిలవదు. దీపాలు వాడేవాళ్లకి ఇవ్వొచ్చు. ఎవరికి ఏది ఇచ్చినా దాని కార్డు అసలు ప్రతి దాంతోనే వెళ్లాలి. మీరు ముందు అన్ని కార్డులూ రెండు వైపులా స్కాన్ చేసి ఆవిడకు ఒక కాపీ, అబ్బాయికి ఒకటి పంపండి. వస్తువుల మీద నంబర్లు పెన్నుతో రాయకండి, దారానికి కాగితపు చీటీ కట్టండి, నూలు దారమైతే మంచిది.

గిన్నె నిక్షేపంగా వాడుకోమనండి. 1838 నుంచి వైన్ పోస్తూనే ఉన్నారు కదా. తాగాక అందులో వైన్ రాత్రంతా ఉంచకూడదు. గోరువెచ్చని నీళ్లు, ఒక చుక్క గిన్నెల సబ్బు, మెత్తటి గుడ్డతో వెంటనే తుడవాలి. డిష్‌వాషర్‌లో మాత్రం వేయొద్దు.

వేలి కొస ఎక్కడైనా డబ్బాలో, సంచిలో ఉందేమో వెతకండి. దొరికితే చిన్న కవరులో యాద్‌తో కట్టి ఉంచండి. జిగురు పెట్టొద్దు, కొత్త వేలు చేయించొద్దు. టంకం వేయాలంటే వేడి చేయాలి, ఆ వేడికి పక్కనున్న పాత అతుకు ఊడొచ్చు. విరిగిన చోటు ఫొటో ఒకటి దగ్గరగా తీసి ఇక్కడ పెట్టండి. అంచు మెరుస్తోందా, నల్లబడిందా చూస్తే ఈమధ్య విరిగిందో పాత విరుగుడో తెలుస్తుంది.